టైపు మేష్టారి ప్రయోగం

టైపు మేష్టారు పోయారన్న కబురు నాకు కార్డు ఆర్డరుగా వచ్చింది. మండపేటలో నాది చిన్న డీటీపీ దుకాణం. శుభలేఖలు, మిల్లుల బిల్లు పుస్తకాలు, పెద్దకర్మ కార్డులు, ఏది వస్తే అది కొడతాను. ఆ మధ్యాహ్నం ఒకాయన స్కూటర్ దిగి, పెద్దకర్మ కార్డు కావాలంటూ ఒక ఫొటో కౌంటరు మీద పెట్టారు. ఆ ఫొటోలో ఉన్నది మేష్టారు. వచ్చినాయన ఆయన అల్లుడు.

"రాజమండ్రిలోనే కొట్టించేద్దామనుకున్నామండి. మావయ్యగారు ముందే చెప్పి ఉంచారు, మీ దగ్గరే కొట్టించమని," అన్నారు.

ఇలాంటి కార్డులు ఎన్ని కొట్టానో లెక్కలేదు. ఆ మాటలు చూడకుండానే నా వేళ్ళకి వచ్చేస్తాయి. అలా చూడకుండా కొట్టడం నేర్పిందీ ఆయనే. ఆ రోజు మాత్రం ఆయన పేరు దగ్గర మూడుసార్లు తప్పు పడింది. అల్లుడుగారు బయటికి వెళ్ళి నిలబడ్డారు.

మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజుల్లో మేష్టారి దగ్గర నేర్చుకోని గుమస్తా ఈ చుట్టుపక్కల లేడు. "కళ్ళు కాగితం మీద, వేళ్ళు మిషను మీద, నోరు మూసుకుని," అనేవారు. టైపు మిషన్లకి కాలం చెల్లిపోయాక ఇన్‌స్టిట్యూట్ మూసేసి, వీధిలో వాళ్ళ మిక్సీలు, ఇన్వర్టర్లు, ఫ్యాన్లు బాగుచెయ్యడానికి ముందేసుకున్నారు. డబ్బు ఇవ్వబోతే కాఫీ ఇమ్మనేవారు. ఆయన చెయ్యి పడితే మళ్ళీ తిరగబెట్టదని ఊళ్ళో పేరు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

నా దుకాణంలో కంప్యూటర్ పాతబడిపోయి మొరాయిస్తే, మేష్టారే రాజమండ్రి వెళ్ళి బోర్డు ఒక చోట, ర్యామ్ ఒక చోట, క్యాబినెట్ ఇంకో చోట వెతికి తెచ్చి, నా బల్ల మీదే కూర్చారు. విప్పిన మరలు మాత్రల డబ్బా మూతలో వేసుకునేవారు. బోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ వెళ్ళి కిటికీ ఊచ పట్టుకునేవారు. "ఒంట్లో ఉన్న కరెంటు ఇనుముకిచ్చేసి రావాలమ్మా," అనేవారు, కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి రమ్మన్నట్టుగా.

అంతా కూర్చాక, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇక అప్‌డేట్లు రావని, కొత్తదాన్ని ఈ మిషను మోయలేదని, లినక్స్ అనే తేలికైన సిస్టమ్ వేద్దామని అన్నారు. నేను సరేనన్నాను. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత నేను వేరేలా చెప్పాను.

వారం బాగానే నడిచింది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ప్రింటు ఇస్తే చాలు, పది కాగితాలో ఇరవయ్యో వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆగిపోవడం మొదలైంది. మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేచేది. ప్రింటు ఇస్తే మళ్ళీ అదే వరస. ముందర పెళ్ళిళ్ళ సీజను. మా ఇల్లు నడిచేది ఆ దుకాణం మీద. ఇలాగే ఇంకో నెల సాగితే వచ్చేవాళ్ళు పక్కవీధి దుకాణానికి అలవాటు పడిపోతారు, నేను షట్టరు దించుకోవలసిందే.

మేష్టారు రోజూ పొద్దున్నే టిఫిను చేసి వచ్చేవారు. ఒక రోజు ప్రింటర్ డ్రైవర్ మార్చారు. మర్నాడు కేబుల్. ఆ మర్నాడు ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది పెట్టారు. రోజుకి ఒక్కటి, అంతే. నాకు ఒళ్ళు మండిపోయేది.

"అన్నీ ఒకేసారి మార్చెయ్యండి మేష్టారూ, నాకు పనులాగిపోతున్నాయి."

"అలా మారిస్తే ఏది బాగుచేసిందో తెలీదు కదమ్మా. రేపు మళ్ళీ చెడితే ఎక్కడని వెతుకుతాం?" అని, మళ్ళీ ఆన్ చేస్తూ, "ఇది కరెంటు పోయినట్టు పోవడం లేదు. ఎవరో ఆపమంటే, అన్నీ సర్దుకుని ఆగుతోంది," అన్నారు.

నేను వినిపించుకోలేదు. కాగితాలు పాడవుతున్నాయన్న చింత తప్ప అప్పుడు నాకింకేమీ పట్టలేదు.

అలాంటి రోజుల్లోనే రైసు మిల్లు గుమస్తాగారు లారీ చీటీల కోసం మూడోసారి వచ్చి, వట్టి చేతులతో వెళ్ళవలసి వచ్చేసరికి కేకలేశారు. మేష్టారు బల్ల కింద వైర్ల మధ్య కూర్చుని ఉన్నారు. ఆయనకి వినపడేలాగే అన్నాను, "అంతా మా మేష్టారి ప్రయోగమండి. నేను వద్దన్నా వినలేదు."

మేష్టారు బల్ల కింద నుంచే, "అవునండి, పొరపాటు నాదే. అమ్మాయినేమీ అనకండి," అన్నారు.

ఆ తరవాత అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. నోటికి సులువుగా వచ్చే మాట అది.

నాలుగు రోజులకి మేష్టారు ప్రింటర్‌ని బల్ల మీద నుంచి దింపి స్టూలు మీద పెట్టారు. నన్ను టీ తెమ్మని పంపారు. తెచ్చేసరికి కాగితాలు ఆగకుండా వస్తున్నాయి. ఏం చేశారని అడిగితే, "సర్దుకుందమ్మా," అన్నారు. ప్రింటర్‌ని మళ్ళీ బల్ల మీదికి ఎక్కించి, ఇంకో కట్ట కొట్టి చూపించారు. నా సీజను నిలబడింది. దుకాణం నిలబడింది. ఆయన పేరు మాత్రం తిరిగి రాలేదు. పెద్దాయనకి ఏదో పిచ్చి పట్టుకుందనుకుని, మిక్సీలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తరవాత ఒంట్లో బాగోక, ఆయనా భార్యా రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

పెద్దకర్మకి రాజమండ్రి వెళ్ళాను. భోజనాలయ్యాక మేష్టారి భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆయన పోయారు గనక చెబుతున్నానమ్మాయ్. కొత్త మిషనని దసరాకి పూజ చేశావు కదా, పసుపు ముద్దగా కలిపి, సరిగ్గా ఆన్ చేసే బటన్ మీదే బొట్టు పెట్టావంట. అది సందులోకి దిగి ఎండిపోయి, బటన్ సగం లోపలే ఉండిపోయిందంట. ప్రింటర్ బల్లని ఊపినప్పుడల్లా, ఆపడానికి ఎవరో నొక్కినట్టు అయ్యేదంట. సూదితో గీకి తీశానే అన్నారు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నేనూ అదే అడిగాను. 'భక్తిగా పెట్టుకుంది పిల్ల. చెబితే ఏటా బొట్టు పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుంది, పోనీలే' అన్నారు."

నాకు ఆవిడ మొహంలోకి చూడ్డానికి సిగ్గేసింది. బస్సులో వస్తూ ఎంతమందితో 'మేష్టారి ప్రయోగం' అన్నానో గుర్తు చేసుకోబోయాను. సగం మంది కూడా గుర్తు రాలేదు. చెప్పినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే మాట కాదు.

మర్నాడు దుకాణానికి మొదట వచ్చింది మిల్లు గుమస్తాగారే. నా కళ్ళు చూసి, మేష్టారి సంగతి తెలిసిందన్నారు. "మంచి మనిషండి. చివర్లో ఆ కంప్యూటర్ ప్రయోగం ఒక్కటీ చెయ్యకుండా ఉండాల్సిందండి."

"అది ఆయన తప్పు కాదండి. నేనే బటన్ సందులో పసుపు కూరాను. ఆ లినక్స్ సరేనని వేయించుకున్నదీ నేనే. ఆయన తెలిసి కూడా బయటపెట్టలేదు."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "పోయినాయన మీద మాట ఉండకూడదని మీరలా పైనేసుకుంటున్నారు. మీ మంచితనమండి అది."

కాదండి, నిజంగానే నా తప్పు అన్నాను. ఆయన తలూపుతూనే చీటీల కట్ట బండి ముందు పెట్టుకుని, వెళ్ళొస్తానమ్మా అన్నారు. ఎప్పుడూ లేనిది, నాకు నమస్కారం పెట్టారు. ఆ బండి మిల్లు రోడ్డు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. వెంటపడి చెప్పే ఓపిక నాలో లేదు.