పెద్దమ్మ చెప్పిన సాక్ష్యం

మా పక్కింటి పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. "అక్కా, అత్తమ్మ లేస్తలేదు, జర జల్ది రా" అని కోడలు గోడ మీది నుంచి కేకేస్తే చెప్పుల్లేకుండా పరుగెత్తాను. అప్పటికే చేతులు చల్లబడ్డాయి.

ఆర్మూర్‌లో మా గల్లీవాళ్లకు ఆమె గయ్యాళి. ఎవరింటికి పోయినా టీ ముట్టేది కాదు. "తాగితే మొగమాటమైతది, ఉన్నది ఉన్నట్టు అనరాదు" అనేది.

నన్ను కొట్టే భర్త నా ఇంటి వైపుకు గానీ, మా నాన్న చేనుకు గానీ రాకూడదని మేజిస్ట్రేట్ కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. కాగితం చేతికొచ్చింది, ఇక భయం లేదనుకున్నాను. ఆ ఏడే చేనులో పసుపు ఉడకబెట్టే రోజు అతను కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. తొలి కడాయికి కొబ్బరికాయ కొట్టే వేళ గొడవెందుకన్నారు పెద్దలు. నోరు మూసుకున్నాను. అతను పక్కన నిలబడ్డాడు, ఎవరో ఫోటో తీశారు. మీలో ఎవరి దగ్గరైనా అలాంటి ఉత్తర్వు ఉంటే నా పొరపాటు చేయకండి.

నెల తిరక్కుండా అతను పెట్టిన అర్జీ మీద కోర్టు నోటీసు వచ్చింది. మేం కలిసిపోయామట, పరిస్థితి మారింది కాబట్టి ఉత్తర్వు రద్దు చేయాలట. దానికి ఆ ఫోటో జత చేశారు.

"గట్ల అడిగే హక్కు ఆయనకున్నది. జడ్జి నమ్మితే రద్దయితది" అంది మా లాయరమ్మ. "ఆర్డర్ మీరి వచ్చుడే నేరం, గప్పుడే పోలీసులకు చెప్పాలె. నువ్వు పిలవలేదని చూసినోళ్లెవరన్నా చెప్పాలె గిప్పుడు."

చేనులో ఉన్నవాళ్లంతా తప్పుకున్నారు. ఆ రోజు పసుపు పనికి వచ్చిన పెద్దమ్మ ఒక్కతే ఉతికిన చీర కట్టుకుని కోర్టుకు వచ్చింది.

"పక్కపక్కన నిలబడ్డారా లేదా?" అతని లాయరు గద్దించాడు.

"నిలబడ్డరు సారూ. గీమె పక్కకు జరిగితే గాయన చెయ్యి వట్టి గుంజిండు. మేమందరం చూసి ఊకున్నం. తప్పు మాది, గీ పిల్లది కాదు."

అతని అర్జీ కొట్టేశారు. సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజుల గడువుంది. ఆ ముప్పై రోజులూ తలుపుకు గడియ పెట్టుకునే బతికాను. పెద్దమ్మ రోజూ వచ్చి, "కాయితం ఒక్కటుంటే సాలదు బిడ్డా, నోరు గుడ ఉండాలె" అని తిట్టిపోయేది. అతను అప్పీలుకు పోలేదు. ఆమే లేకపోతే నేను ఈ గల్లీలో బతికి ఉండేదాన్ని కాదు.

మొన్న పాడె లేపే వేళకు అతను గల్లీ మొదట్లో కనిపించాడు, చేతిలో బంతిపూల దండ.

"సావుకాడ లొల్లెందుకమ్మా, దండేసి పోతడు" అన్నాడు మా చిన్నాన్న.

నేను అందరినీ దాటి ముందుకు నడిచాను.

"ఆర్డరున్నది. ఆడనే ఆగు. ఒక్క అడుగేసినా పోలీసులకు ఫోన్ జేస్త."

డప్పులు ఆగాయి. అతను కాసేపు నన్నే చూసి, దండతోనే వెనక్కి తిరిగాడు. అతని వెంట బంతి రేకలు రోడ్డు మీద రాలుతూ పోయాయి. మా పెద్దమ్మ పాడె లేచింది.