కుక్క పుట్టిన తేదీ

మా కుక్కకు ఇన్సూరెన్స్ చేయించాల్నా వద్దా అన్న లొల్లి మా ఇంట్ల పదహారు రోజులు నడిచింది. మా బిడ్డ పెండ్లి సంబంధం కూడా మేం నాలుగు రోజులల్ల తేల్చినం. దీనికి మాత్రం తార్నాకల మా రెండు గదుల ఇంట్ల టేబుల్‌కు ఈ దిక్కు నేను, ఆ దిక్కు మా ఆయన, నడుమ ఆ ఫారం. టేబుల్ కింద కుక్క, హాయిగ పండుకొని ఉండేది.

ఫారం తెచ్చింది నేనే. కుక్కల డాక్టరమ్మ దగ్గర కౌంటర్ మీద ఉంటే తీసుకున్న. అంతకు నెల ముందే కుక్కకు కడుపు కోసి ఆపరేషన్ చేసిన్రు. దానికి కారణం మా ఆయన. ఆయన పోయినేడు యూనివర్సిటీ పరీక్షల విభాగంల సూపరింటెండెంట్‌గా రిటైర్ అయిండు. రిటైర్ అయినోడు ఇంటిపట్టున ఉండాలె గదా, ఉండడు. పొద్దున పదిన్నరకు, సరిగ్గ ఆఫీసు టైముకే, కుక్కను పట్టుకొని క్యాంపస్‌కు పోతడు. పాత ఆఫీసుకు ఎదురుంగ సిమెంటు బెంచీ ఒకటున్నది, దాని మీద కూసుంటడు. ఆ తొవ్వల మక్క కంకులు కాల్చి అమ్ముతరు. పిల్లలు తిని బెండ్లు ఆడ్నే పారేస్తరు. ఈయన ఆఫీసు మెట్ల దిక్కు చూసుకుంట కూసున్నడు, అది ఇంత బెండు ముక్క మింగి కూసున్నది. మూడు రోజులు కక్కుడే కక్కుడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిచ్చి, "ఆపరేషన్ చేయాలె ఆంటీ, చేయమంటరా?" అనడిగింది. మా ఆయన, "ఎంతయితది?" అన్నడు. ఆమె చెప్పింది. ఇగ ఇద్దరం చప్పుడు చేయలే. అర నిమిషం అయి ఉంటది, అంతకన్న ఎక్కువ కాదు. కుక్క బల్ల మీద పండుకొని మా ఆయన మొకమే చూస్తున్నది. తర్వాత "చేయండి" అన్నం, చేసిన్రు, బతికింది. పక్కకు పెట్టుకున్న పైసలు మొత్తం ఊడ్చుకపోయినయ్. పోతే పోయినయ్, దానికి బాధ లేదు. కానీ ఆ అర నిమిషం ఉన్నది చూడు, అది నన్ను ఇప్పటికీ పొడుస్తనే ఉన్నది. మళ్లొకసారి అసొంటిది వస్తే మా దగ్గర ఇయ్యడానికి ఏం లేదు, ఈసారి "చేయండి" అనం. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఫారం తెచ్చిన.

నల్లకుంటల ఒక చిన్న బడిల ఇరవై రెండేండ్లు టీచర్‌గ చేసిన మనిషిని. కాయితం కనపడితే ఎర్రపెన్ను తీసే అలవాటు పోలే. ఆ షరతులు చదువుతుంటే నా ఒళ్లు మండింది. టీకాలు ఇయ్యరట. గోమార్లు పట్టి నెత్తురు తాగితే ఇయ్యరట. నోట్ల పండ్లకు ఇయ్యరట. ఈనితే ఇయ్యరట. చేరిన మొదటి నెల ఏమొచ్చినా ఇయ్యరట. ముందే ఉన్న రోగాలకైతే ఎప్పటికీ ఇయ్యరట. ఒక్కొక్కటి గీత కొట్టుకుంట పోతే పేజీ అంత ఎర్రగయింది.

"ఇగ మిగిలింది ఏందయ్యా? కుక్క తోకకు ఇస్తరా?" అన్న.

"దండుగ అని మొదటి రోజే చెప్పిన గదా," అన్నడు ఆయన, కండ్లద్దాలు తుడుసుకుంట.

ఆయన దండుగ అంటే నాకు అది చేయించి తీరాలె అనిపిస్తది. ముప్పయ్యారేండ్ల కాపురం గట్లనే నడిచింది. ఫోన్ తీసి కంపెనీకి కొట్టిన. ఒక ఆడపిల్ల మంచిగ మాట్లాడింది. ఆపరేషన్ సంగతి దాయకుండ చెప్పిన.

"ఓకే మేడమ్, కడుపుకు సంబంధించినవి ఫస్ట్ ఇయర్ కవర్ కావు మేడమ్."

"మా కుక్కకు కడుపు తప్ప వేరేదేం లేదమ్మా. నువ్వు దాన్ని చూడలే."

ఆ పిల్ల నవ్వింది. తర్వాత, "మీ పెట్ డేట్ ఆఫ్ బర్త్ ఎంత మేడమ్? టీకాల బుక్‌ల ఉన్నదే చెప్పాలె. ఏడేండ్లు దాటితే కొత్తగా తీసుకోరు," అన్నది.

నేను టీకాల పుస్తకం తెరిచిన. చూసి ఫోన్ పెట్టేసిన. పుస్తకం ప్రకారం మా కుక్కకు తొమ్మిదేండ్లు దాటినయ్. నిజానికి దానికి ఇంక ఆరు నిండలే.

ఇది ఎట్లయిందంటే, చేసింది నేనే, ఒప్పుకుంట. అయిదేండ్ల కింద మా ఆయన ఒకనాడు సాయంత్రం స్కూటర్ ముందల కాళ్ల దగ్గర దీన్ని కూసోపెట్టుకొని తెచ్చిండు. పరీక్షల విభాగం వెనుక, పాత జవాబు పేపర్ల మూటల నడుమ తిరుగుతుండెనట. ఎనిమిది నెలలుంటయేమో, బక్కగ, పొడుగ్గ. మా అపార్టుమెంటు సెక్రటరీ మెట్ల మీదనే అడ్డం నిలబడ్డడు. కుక్కపిల్లలు వద్దమ్మా, చెప్పులు కొరుకుతయ్, లొల్లి చేస్తయ్, పెద్ద కుక్క అయితే చూద్దాం అన్నడు. నా నోట్లకెళ్లి టక్కున వచ్చింది: "ఇది పిల్ల కాదన్నా, దీనికి నాలుగేండ్లు."

అబద్ధం ఆడితే అయిపాయె, అంతటితో ఆగిందా? టీకాల పుస్తకం జిరాక్స్ ఇయ్యాలె అన్నడు. అప్పుడు ఆ దవాఖానల ఒక ముసలి కాంపౌండర్ ఉండె. "వయసెంత రాయాలె అమ్మా?" అంటే, నాలుగు రాయి నాయినా అన్న. రాసిండు, ముద్ర గుద్దిండు. లోకమంత వయసు తగ్గించి రాయించుకుంటది, నేను పెంచి రాయించి వచ్చిన. తీసుకున్న గోతిల నేనే పడ్డ.

"అయితే ఏమాయె, పోయి మార్పిద్దాం," అన్న మా ఆయనతోని.

ఆయన లేచి నిలబడ్డడు. "మార్చుడా? పుట్టిన తేదీ మార్చుడా?"

ఆయనకు ఆ మాట ఎందుకు అంత గుచ్చుకుంటదో చెప్పాలె. ఇరవై ఎనిమిదేండ్లు ఆ కౌంటర్ అవతల కూసున్నడు. పేరు తప్పు పడ్డదని, తేదీ తప్పు పడ్డదని వచ్చిన పిల్లలకు ఒక్కటే మాట చెప్పేటోడు: టెన్త్ మెమోల ఉన్నదే ఫైనల్. ఏడ్చినోళ్లకూ గదే, కొట్లాడినోళ్లకూ గదే. నేను ఒకసారి టిఫిన్ డబ్బ ఇయ్యడానికి పోయి చెవులార విన్న. ఒక పిల్ల తల్లిని తోలుకొని వచ్చింది. ఆ తల్లి, "నేనే కన్న సారూ, నాకు తెల్వదా ఎప్పుడు కన్ననో," అంటున్నది. ఈయన తల ఎత్తకుండ, "రికార్డు చూడాలె అమ్మా," అన్నడు. ఆనాడు ఇంటికి వచ్చినంక ఆయనతోని నేను మాట్లాడలే.

ఇంకో సంగతి. ఆయన సొంత తేదీనే తప్పు. వీళ్ల అన్న ఈయనకన్న రెండేండ్ల అయిదు నెలలు పెద్ద. అన్న ఒక్కడే బడికి పోనని ఏడుస్తుండని, ఊళ్లె హెడ్మాస్టరు ఇద్దరినీ ఒకే తరగతిల వేసి, దానికి సరిపోయేటట్టు ఈయనకు రెండేండ్లు కలిపి రాసిండు. రికార్డుల అన్నకు, తమ్మునికి అయిదు నెలలే తేడా. "సర్కారు లెక్కల నేను అయిదు నెలలకొకన్ని కన్న బిడ్డా," అని మా అత్త చచ్చేదాక అందరికీ చెప్పి నవ్వేది. ఈయన నవ్వేటోడు కాదు. ఉద్యోగంల చేరినంక అది సరి చేయించుకోవాలని తిరిగిండు. ఆఫీసులకు తిరిగిండు, అర్జీలు పెట్టిండు, ఊరికి పోయి సర్పంచి దగ్గర కాయితం తెచ్చిండు. యేండ్లకేండ్లు తిరిగిండు. ఏం కాలే. మెమోల ఉన్నదే ఫైనల్ అన్నరు. ఇంకా రెండేండ్లు కూసోవల్సిన కుర్చీల నుంచి పోయినేడు లేపిన్రు. శాలువ కప్పిన్రు, ఫోటో దిగిన్రు. తెల్లారి పదిన్నరకు కుక్కను పట్టుకొని ఆ బెంచీ మీదికి పోయిండు.

గిదంత తెలిసి కూడా నాకు కోపం ఆగలే. "మీ తేదీకి, కుక్క తేదీకి ఏం సంబంధమయ్యా?" అని అరిచిన. "రికార్డు రికార్డే," అన్నడు. "నువ్వు రాయించినవ్, నువ్వే పోయి మార్పించుకో. నన్ను లాగకు."

పోయిన. నాకేం భయమా? డాక్టరమ్మ కుక్క నోరు తెరిచి పండ్లు చూసింది. "దీనికి తొమ్మిదేంది ఆంటీ, అయిదు, ఆరు, అంతే. నేను రాసిస్తా. కానీ పుస్తకంల ఓనర్ పేరు సార్‌ది ఉన్నది గదా, ముందు తప్పు చెప్పినమని సార్ ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యాలె," అన్నది.

చూసిన్రా! తిరిగి తిరిగి మళ్ల ఆయన సంతకం కాడికే వచ్చె. ఇంటికి వచ్చి చెప్పిన. బతిమిలాడిన. తిట్టిన. రెండు రోజులు ఉప్పు లేని పప్పు పెట్టిన, చప్పుడు చేయకుండ తిన్నడు. "అసొంటి కాయితాలు నేను కొన్ని వందలు వాపస్ పంపిన," అన్నడు ఒకసారి. "ఇప్పుడు కుక్క కోసం నేను రాస్తే, వాళ్లంత ఏమనుకోవాలె?"

"వాళ్లంత ఏడున్నరు? వాళ్లకు పెండ్లిండ్లయి పిల్లలు పుట్టి ఉంటరు. ఇది ఈడ ఉన్నది, కాళ్లకాడ," అన్న. అంతటితోని ఆగలే. "రేపు దానికి ఏదన్నయితే మళ్ల ఆమె అడుగుతది, చేయమంటరా అని. ఏం చెప్తరు? రికార్డు చూడాలె అమ్మా అంటరా?"

ఆయన నా దిక్కు చూడలే. కుక్క దిక్కు కూడా చూడలే. లోపటికి పోయి పండుకున్నడు.

తెల్లారి పదహారో రోజు. ఎప్పటి లెక్కనే పదిన్నరకు కుక్కను తీసుకొని పోయిండు. ఆఫీసు ప్యాంటు వేసిండు, చొక్క లోపటికి దోపిండు, జేబుల పెన్ను పెట్టిండు. పెన్షన్ పని ఏదో ఉన్నది కావచ్చు అనుకున్న, అడగలే. నాకు ఇంక మూతి ముడుపు పోలే.

పన్నెండు దాటినంక వచ్చిండు. టేబుల్ మీద కొత్త టీకాల పుస్తకం పెట్టిండు. దాని పక్కకు ఒక కాయితం జిరాక్స్ పెట్టిండు. ఏ అర్జీ పెట్టినా జిరాక్స్ దగ్గర ఉంచుకోవాలనేది ఆయన సిద్ధాంతం. తీసి చదివిన.

"గౌరవనీయులైన డాక్టరు గారికి. విషయం: కుక్క పుట్టిన తేదీ సవరణ గురించి. పై విషయమై మనవి చేయునది ఏమనగా, నా కుక్క వయస్సు గతంలో మా కుటుంబ సభ్యుల అవగాహన లోపం వలన ఎక్కువగా నమోదైనది."

"అవగాహన లోపమా! నాదా!" అని ఎగిరిన.

"కింద చదువు," అన్నడు.

కింద ఇట్ల ఉన్నది: "ఇందులో కుక్క ప్రమేయం ఏమియు లేదు. తాను చేయని తప్పునకు అది నష్టపోరాదని, రికార్డు సరిచేయవలసినదిగా ప్రార్థన." దాని కింద, ఆ ఆఫీసుల యేండ్లకొద్ది పెట్టిన గదే సంతకం.

ఆ రెండు ముక్కలు ఇంకోసారి చదివిన.

"మరి డాక్టరమ్మ ఏమన్నది?" అని మెల్లగ అడిగిన.

"ఏమంటది? చదివింది. సంతకం పెట్టింది, ముద్ర గుద్దింది. ఒక్క నిమిషం." చెప్పులు ఇడిసి కుర్చీల కూసున్నడు. మళ్ల అన్నడు, "ఒక్క నిమిషమే. నేను పదకొండేండ్లు తిరిగిన."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనపడొద్దని గబగబ ఫారం ముందలికి గుంజుకొని నింపుడు మొదలువెట్టిన. ఆ ఇన్సూరెన్స్ పనికొస్తదా, దండుగనా, నాకు ఇప్పటికీ తెల్వదు. తోకకు తప్ప దేనికీ ఇయ్యరని నా మనసుల ఉన్నదే. అయినా నింపిన. కుక్క పేరు, రంగు, ఆడనా మగనా, కొత్త పుస్తకంల ఉన్న తేదీ. రెండో పేజీల ఓనర్ వివరాలు. పేరు రాసిన, అడ్రస్ రాసిన. దాని కింద ఓనర్ పుట్టిన తేదీ అని ఉన్నది. పెన్ను ఆగింది.

"మీది ఏది రాయాలె?" అన్న. "అత్త చెప్పేదా, మెమోల ఉన్నదా?"

ఆయన వంగి కుక్క కడుపు మీద కుట్ల కాడ మళ్ల మొలుస్తున్న వెంట్రుకలను దువ్వుతున్నడు. తల ఎత్తకుండనే చెప్పిండు.

"మెమోల ఉన్నదే రాయి."