అత్తయ్య తోమిన అగ్నిపర్వతం

నా ఉద్యోగం గురించి మా చుట్టాలందరికీ తెలిసింది ఒక్కటే: నేను అగ్నిపర్వతాల డాక్టరుని. ఒంగోల్లో మా పిన్ని కూతురి పెళ్ళిలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, లావా దగ్గరికి పోతే వేడి ఎంతుంటుంది?" అని ఎంతో గౌరవంగా అడిగాడు. నాకేం తెలుసు? నేను చేసేదల్లా సింగపూర్లో ఏసీ గదిలో కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన బూడిదను జల్లెడ పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం. ఆ ఏసీకి తట్టుకోలేక ఏడాది పొడుగునా స్వెటర్ వేసుకుంటాను. అగ్నిపర్వతాల డాక్టరు స్వెటర్ వేసుకుని వణుకుతూ పనిచేస్తుందని ఆయనకెలా చెప్పను? "బాగానే కాలుతుందండీ" అన్నాను. ఆయన తల పంకించి, వెళ్ళి ఇంకో నలుగురికి చెప్పాడు.

మేముండేది జురాంగ్ ఈస్ట్‌లో. మా ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే ఎదురు బ్లాకు కిటికీలు, వాటికి ఆరేసిన బట్టలు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తాయి. కొండన్నది లేదు. కానీ దక్షిణానికీ తూర్పుకీ విమానంలో కొన్ని గంటలు పోతే చాలు, సముద్రంలో అగ్నిపర్వతాల దీవులు వరసగా ఉంటాయి. మా ఆఫీసు వాళ్ళంతా సంతకు పోయొచ్చినట్టు వాటికి పోయొస్తుంటారు. నేను మాత్రం ప్రతిసారీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని. అమ్మాయి పరీక్షలు, ఇంట్లో వ్రతం, పడవ ఎక్కితే పడదు. చివరిది అబద్ధం కాదు. అసలు సంగతి భయం. కొండంటే భయం, పడవంటే భయం, ఆ రెండూ ఒకేచోట ఉండటమంటే మరీ భయం.

ఆ ఏడాది మాత్రం వంకలు పనిచేయలేదు. మా బాసు ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ. కోపం వచ్చినా గొంతు పెంచదు. గొంతు పెంచితే నాకు ఇంత భయం ఉండేది కాదు. హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే ఇది మాది అని పట్టేసుకుని, ఇద్దరం నూడుల్స్ తెచ్చుకుని కూర్చున్నాక మెల్లగా మొదలుపెట్టింది.

"నీ కాంట్రాక్ట్ అయిపోవస్తోంది. ఒక్కసారి కూడా ఫీల్డుకు పోని మనిషికి పొడిగించమని పైవాళ్ళను నేను ఏమని అడగను? నీ చేత్తో తెచ్చిన శాంపిల్ ఒకటి చూపించు, మిగతాది నేను చూసుకుంటా. కెన్ ఆర్ నాట్?"

"కెన్, కెన్" అన్నాను, నూడుల్స్ గొంతులో అడ్డం పడుతుండగా.

కెన్ అనక ఏం చేస్తాను? మా ఆయన పనిచేసే కంపెనీ అప్పుడే మూతపడింది. కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అతనూ, అమ్మాయి చదువూ, అద్దె ఫ్లాటూ అన్నీ నా ఉద్యోగానికి ఇచ్చిన పాసు మీదే నిలబడి ఉన్నాయి. నా కాంట్రాక్ట్ పోతే ఇల్లంతా పెట్టె సర్దుకోవాల్సిందే.

అప్పుడే మా అత్తయ్య కొన్నాళ్ళుందామని సింగపూర్ వచ్చి ఉంది. ఆవిడకు ఈ ఊళ్ళో అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. ఇత్తడి సామాను తోముకోవడానికి బూడిద లేదు. లిటిల్ ఇండియాలో కొట్టు కొట్టూ తిరిగి చింతపండు కొన్నది, ఇత్తడి తోమే పొడేదో కొన్నది, ఏదీ నచ్చలేదు. "గ్యాసు పొయ్యి మీద వండుకు తినే ఊళ్ళో బూడిదెక్కడ చచ్చింది?" అని రోజూ వాపోయేది. ఒకరోజు హఠాత్తుగా గుర్తొచ్చి, "అమ్మాయ్, నువ్వు ఆఫీసులో చూసేది బూడిదేగా? కాస్త తేగూడదా?" అంది. నేను పకపకా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావట్లేదు.

నేను ప్రయాణం కట్టేసరికి అత్తయ్యకు నిద్ర పట్టలేదు. "నిప్పులు కక్కే కొండ కాడికి ఆడకూతుర్ని పంపిద్దా ఆఫీసు? ఇదేం ఆఫీసమ్మా?" అంది. నేను అగ్నిపర్వతాల డాక్టరులాగా ధీమాగా నవ్వి, "ఏం కాదత్తయ్యా, ఇది మాకు మామూలే" అన్నాను. విమానం దిగి, దీవికి పోయే స్పీడు బోటెక్కి కూర్చోగానే, అదింకా కదలకముందే, వాంతి చేసుకున్నాను.

ఆ దీవి మొత్తం ఒక్కటే కొండ. ఆ కొండ చుట్టూ ఒక్కటే రోడ్డు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇళ్ళు, ఇళ్ళ వెనకాల లవంగాల తోటలు, వాటి పైన మబ్బులో దాక్కున్న శిఖరం. ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. నిలబడి చూస్తే సముద్రంలో ఒకదాని వెనక ఒకటి మిగతా దీవులు, కళ్ళంలో ధాన్యం రాసులు పోసినట్టు ఉంటాయి. అది లవంగాలు కోసే కాలం. సగం రోడ్డు మీద పట్టాలు పరిచి లవంగాలు ఎండబోస్తే, మిగతా సగం మీద స్కూటర్లు జాగ్రత్తగా పోతున్నాయి. ఊరంతా లవంగాల వాసన. ఆ వాసనకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ కొండవైపు చూడటం లేదు. నేనొక్కదాన్నే మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ కూర్చున్నాను.

నేను దిగిన ఇంటావిడ మా అత్తయ్య ఈడుది. అక్కడ పెద్దావిణ్ణి 'ఇబు' అంటారు, నేనూ అలాగే పిలిచాను. కర్రపెండలం ఉడకబెట్టి, చేప వేయించి, మంటెక్కిపోయే కారం నూరి పెట్టేది. ఆ కారం నేను మారు అడిగి వేసుకుంటే ఆవిడ మురిసిపోయింది. ఆ దీవిలో నేను చూపించిన ధైర్యం అదొక్కటే.

మూడోనాడు పొద్దున, నాతో వచ్చిన ఆఫీసు వాళ్ళంతా పనుండి పక్క దీవికి పోయారు. పడవ అనగానే నేను తలనొప్పి అని ఉండిపోయాను. టిఫిన్ తింటుంటే రేకుల కప్పు మీద సన్నగా జల్లు మొదలైంది. వాన అనుకున్నాను. బయటికి చూస్తే నేల తడవటం లేదు, బూడిదరంగుకు తిరుగుతోంది. వెలుతురు తగ్గి, కోళ్ళు గూటికి పోతున్నాయి. ఇన్నేళ్ళ చదువు, ఇన్నేళ్ళ అనుభవం కలిసి నాతో ఒకే ఒక్క పని చేయించాయి. హెల్మెట్ పెట్టుకుని బల్ల కిందికి దూరాను.

ఇబు ముందు లవంగాల పట్టా మడిచింది, తర్వాత తీగ మీది బట్టలు తెచ్చింది, తర్వాత వంగి బల్ల కింద నన్ను చూసింది. నవ్వలేదు పాపం. నా పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టి పోయింది.

కాసేపటికి జల్లు ఆగింది. అప్పుడు నాకు బుర్ర వెలిగింది: వాన పడేలోపు ఈ బూడిద ఎత్తాలి. కొండ లోపలి వాయువుల ఉప్పులు బూడిదకు అంటుకుని వస్తాయి. ఒక్క చినుకు పడితే అవి కడుక్కుపోతాయి, ఆ తర్వాత వాటి లెక్క తేలదు. తడవని బూడిద మా ఆఫీసులో ఎవరికీ సులువుగా దొరకదు. శాంపిల్ సంచులు పక్క దీవికి పోయిన పెట్టెలో ఉన్నాయి. ఇబు వంటింట్లోంచి ఖాళీ కాఫీపొడి డబ్బా పట్టుకొచ్చింది. ఇద్దరం అరుగు మీది బూడిద చీపురుతో ఊడ్చి డబ్బా నింపాం. మూత పెట్టానో లేదో కుండపోత మొదలైంది. నా జీవితంలో మొదటిసారి నా చేత్తో నేను పట్టుకున్న అగ్నిపర్వతం అది. కాంట్రాక్ట్, పాసు, అమ్మాయి స్కూలు, అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. సంతోషం పట్టలేక అత్తయ్యకు వీడియో కాల్ చేశాను.

"బాగున్నావా అమ్మాయ్? ఒళ్ళంతా అట్టా తెల్లగుందేంది?"

"బూడిద అత్తయ్యా! ఒక డబ్బాడు దొరికింది!"

"మరి నాకో?"

"మీకు కాక ఎవరికి? మీకే తెస్తున్నా!" అన్నాను.

వెటకారం. సరదా. నా నోరు.

ఇంటికి చేరేసరికి శనివారం సాయంత్రం. ఆఫీసుకు సెలవు. బూడిద తెచ్చుకోవడానికి ఇచ్చిన అనుమతి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచి తాళం వేశాను. డబ్బాను మాత్రం ఎవరి కాలూ తగలకుండా జాగ్రత్తగా వంటింటి గట్టు మీద పెట్టాను. మళ్ళీ చెబుతున్నాను, కాగితాలు బీరువాలో, బూడిద వంటింట్లో. అలిసిపోయి పడుకుని ఆదివారం బారెడు పొద్దెక్కాక లేచాను.

వంటింట్లోకి వస్తే కళ్ళు జిగేల్మన్నాయి. కుందులు, చెంబు, గంట, హారతి పళ్ళెం, అన్నీ బంగారంలా మెరుస్తూ వరసగా ఉన్నాయి. వాటి పక్కన నా డబ్బా, శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

"అబ్బ, ఏం బూడిదమ్మాయ్!" అంది అత్తయ్య వెలిగిపోతూ. "కాస్త గరుగ్గా ఉండి గీతలు పడ్డాయిగానీ, చింతపండుతో కలిపి రుద్దితే ఎట్టా తేలిందో చూడు. డబ్బా కూడా గట్టిది, కందిపప్పు పోసుకుందాం."

డబ్బా తిప్పి లోపలికి చూశాను. "అంతా అయిపోయిందా అత్తయ్యా?" అన్నాను.

"కాస్త మిగిలితే పక్కింటి తమిళావిడకిచ్చా."

జుట్టయినా ముడేసుకోకుండా పరిగెత్తాను. పక్కింటావిడ నవ్వుతూ తలుపు తీసి, కరివేపాకు కుండీ చూపించింది. "మొక్కకు మంచిదంట కదా!" అంది. అప్పటికే నీళ్ళు పోసేసి ఉంది.

కోపంగా తిరిగొచ్చాను. ఏమేమో అందామనుకున్నాను. హాల్లో అత్తయ్య కుందుల్లో నూనె పోసి వత్తులు వేస్తోంది. "నువ్వు క్షేమంగా ఇల్లు చేరితే ఇత్తడంతా తోమి దీపం పెడతానని మొక్కుకున్నా. నువ్వు లేనన్నాళ్ళూ ముద్ద దిగలేదమ్మాయ్. రా, నీ చేత్తో వెలిగించు" అంది. ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి. ఇంకేం అంటాను? వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తయ్య అది భక్తి అనుకుంది.

సోమవారం ఒక కుందిని కవర్లో చుట్టుకుని ఆఫీసుకు పోయాను. దాని గాడిలో కాస్త బూడిద ఇరుక్కుని ఉంది, అదే నా ఆశ. మా బాసు దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసింది.

"చింతపండా?"

"చింతపండే."

"శాంపిల్ గాన్ లా" అంది. కుందిని మెల్లగా బల్ల మీద పెట్టింది. తర్వాత, "సరే, బూడిద పడేటప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా. ఎలా ఉందో చెప్పు" అంది. రేకుల మీద చప్పుడు, కోళ్ళు, మడిచిన పట్టా, అన్నీ చెప్పాను. బల్ల సంగతి కూడా చెప్పాను. అక్కడ నవ్వింది. నవ్వు ఆగాక మామూలు గొంతుతో, "వచ్చే నెల మళ్ళీ వెళ్ళు. అప్పటిదాకా నీ కాంట్రాక్ట్ సంగతి ఎవరినీ తేల్చనివ్వను. ఆ తర్వాత నేను చేయగలిగేది లేదు" అంది.

ఇంట్లో అత్తయ్యకు చెప్పకూడదనుకున్నాను. మా అమ్మాయి ఊరుకుంటుందా? భోజనాల దగ్గర, "నానమ్మా, యూ వాష్డ్ అమ్మాస్ జాబ్ లా!" అనేసింది. జాబ్ అన్న మాట అత్తయ్యకు తెలుసు. నా మొహం చూసింది, వాళ్ళబ్బాయి మొహం చూసింది. కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. నేను వెంటపడి, మామూలు బూడిదే అత్తయ్యా, ఇంకోటి తెచ్చుకుంటాలే అన్నా వినలేదు. ఆ తర్వాత ఇత్తడి జోలికి పోలేదు. దీపం వెలిగించేదిగానీ, కుందులకు మసి పట్టి, నూనె జిడ్డు కారుతున్నా తుడిచేది కాదు.

ప్రయాణం రోజు నేను చెప్పులేసుకుంటుంటే కాఫీపొడి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అందులో పప్పు పోయలేదు. తుడిచి, ఆరబెట్టి, మూతకు గుడ్డ కట్టి ఉంచింది. ఇన్నాళ్ళ ధీమా నాకు అక్కడే అయిపోయింది.

"అత్తయ్యా, నాకు భయంగా ఉంది. కొండంటే భయం. పడవంటే కూడా."

"నాకు తెలీదా? పోయినసారి సర్దిన పెట్టె నాలుగుసార్లు విప్పి మళ్ళీ సర్దావ్" అంది. తర్వాత దేవుడి గూటి వైపు చూసి, "ఈసారి ఏదీ తోమను. నువ్వొచ్చి, ఇది ఆఫీసుది, ఇది ఇంటిది అని చెప్పాకే ఆ కుందులు ముట్టుకుంటా. తొందరగా రా అమ్మాయ్, అవట్టా నల్లగా ఉంటే నాకు చూడబుద్ధి కాదు" అంది.