అన్నయ్య చూసిన సినిమా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా కాలేజీలో పర్యావరణ చిత్రోత్సవం పెట్టారు. అప్పటికి నేను అమలాపురంలో జువాలజీ చెబుతున్నాను. హైదరాబాదు నుంచి ఒక సంస్థవాళ్ళు సీడీలూ ప్రొజెక్టరూ పట్టుకొచ్చారు. రెండు రోజులు, ప్రవేశం ఉచితం. హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టించాం. సినిమాలన్నీ ఇంగ్లీషువి కావడంతో, పక్కన మైకు పట్టుకుని తెలుగులో చెప్పే పని నామీద పడింది.

రెండో రోజు రొయ్యల చెరువుల మీద సినిమా ఉందని తెలిసి అన్నయ్యకు కబురు పెట్టాను.

మా ఊరు మురమళ్ళ దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. నాన్న పోయాక పొలం అన్నయ్యే చేసేవాడు. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే చేలు చెరువులకు లీజుకిచ్చేసినా తను ఇవ్వలేదు. చెరువుల్లోని ఉప్పునీరు గట్ల కిందనుంచి ఊటగా మా చేలోకి దిగేది. నాటిన వరి ఎర్రబడి, ఆకుల చివర్లు మాడిపోయేవి. నూతినీళ్ళు నోట పెట్టలేకపోయేవాళ్ళం. అయినా ఏటా ఊడ్పులు మానలేదు. అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. "చూద్దామన్నారు చెల్లెమ్మా," అంటూ తిరిగొచ్చేవాడు. ఆ రోజు ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వస్తానన్నారు. ఆయన సినిమా చూశాక అన్నయ్య చేత నాలుగు మాటలు చెప్పిద్దామని నా ఆశ.

అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకే వచ్చేశాడు. అధికారి మాత్రం రాలేదు. పిల్లలు హాజరు వేయించుకుని సగంమంది వెనక తలుపులోంచి జారుకున్నారు.

సినిమాలోది ఎక్కడో సముద్రం అవతలి దేశం. చూస్తుంటే మా ఊళ్ళాగే ఉంది. అవే చెరువులు, నీళ్ళు చిలికే అవే ఏరేటర్ల నురగ, తలలు వాల్చేసిన కొబ్బరిచెట్లు. ఒక ముసలావిడ నూతిలోంచి నీళ్ళు తోడి, నోట్లో పోసుకుని ఉమ్మేసింది. తరువాత ఒక శాస్త్రవేత్త మాట్లాడాడు. ఉప్పు ఇంత లోతుకు దిగిన నేల మళ్ళీ వరికి పనికిరాదనీ, ఇప్పుడు బతికున్నవాళ్ళెవరూ అది బాగుపడగా చూడరనీ ఆయన అన్నది నేను మైకులో తెలుగులో చెప్పాను. చెబుతూ ముందు వరస వైపు చూస్తే, అన్నయ్య తెర వదిలేసి నన్నే చూస్తున్నాడు.

దీపాలు వెలిగాక తను లేచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, ఆ ఊరోళ్ళు ఆఖరికి ఏం చేసేరండి?"

"ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారండి. సినిమా అక్కడితో అయిపోయింది," అన్నాడు సంస్థ తరఫున వచ్చినాయన.

"ఆయ్," అని అన్నయ్య కూర్చుండిపోయాడు.

బస్టాండుకు నేను కూడా వెళ్ళాను. బస్సు దగ్గర నేనే, "ఏమన్నయ్యా, నచ్చలేదా?" అన్నాను.

"అదేం లేదమ్మా. ఏదో ఒక ఏడు నేల తేరుకుంటుందని ఊడుస్తన్నాను. ఇంక తేరుకోదని నువ్వే చెప్పేవు కదా."

"అది నా మాట కాదన్నయ్యా. సినిమాలో ఆయన అన్నది."

"ఎవరంటే ఏంటమ్మా. నువ్వు చదువుకున్నదానివి. నిజమా, కాదా?"

బస్సు కదలబోతోంది. తన మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. "నిజమే," అన్నాను.

ఆ వేసవిలో మా చేలో చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగింది. నేను వెళ్ళేసరికి అన్నయ్య గొడుగు వేసుకుని గట్టున నిలబడి ఉన్నాడు. నాన్న నాటిన తాడిచెట్లు వేర్లతో సహా పడి ఉన్నాయి. అన్నయ్యను చూసి ఇన్నాళ్ళూ పట్టుబట్టి వరి వేసిన పక్కచేను ఆయన కూడా ఆ నెలలోనే లీజుకిచ్చేశాడు. "మీ అన్నయ్యగారే ఇచ్చేసేక మేమెంతండి," అన్నాడు నాతో.

రెండు పంటలు బాగానే వచ్చాయి. మూడోసారి రొయ్యలకు తెల్లమచ్చల తెగులు తగిలింది. లీజుదారు మోటార్లు విప్పుకుని వెళ్ళిపోయాడు. చెరువును పూడ్చినవాళ్ళు లేరు, పూడ్చినా అందులో మొలిచేది లేదు. అన్నయ్యా వదినా అమలాపురం వచ్చి మా వీధిలోనే అద్దెకు దిగారు. తను ఒక కొబ్బరికాయల కొట్టులో కాపలాకు కుదిరాడు.

తొలకరి పడగానే మాత్రం ఒక పూట సెలవు పెట్టి ఊరికి వెళ్ళొస్తాడు. ఏం చూసొచ్చావని అడిగితే, "ఏముందమ్మా, నీళ్ళు," అంటాడు.