ఆది జాకెట్టు కొలతతో కొన్న బైండర్

పాసయ్యాను! థీసిస్ డిఫెన్స్ అయిపోయింది. ప్రొఫెసర్ చెయ్యి కలిపాడు. మా యూనివర్సిటీ గార్చింగ్ క్యాంపస్ మెట్ల మీద నిలబడి నేను అరిచిన అరుపుకి సైకిళ్ల మీద పోతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ బీడీలు చుడుతుంది, బాపు ఆటో నడుపుతాడు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. అలాంటిది ఇప్పుడు జర్మనీలో మాస్టర్స్!

ఈ సంతోషం చెప్పడానికే కూర్చున్నాను. చెప్పబోతే కోపం ముందొస్తోంది. ఆ గదిలో అంతసేపు నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకుంటూ మాట్లాడడానికి నేనెంత తన్నుకోవాల్సి వచ్చిందో ఎవరికీ తెలియదు. తెలియాలి.

పుట్టినప్పటి నుంచీ నన్ను ఆడపిల్ల అన్నారు. నేను కాదు. ఛాతీ పెరిగినప్పటి నుంచి అది ఎవరో మరిచిపోయి నా ఒంటి మీద వదిలేసిన సామానులా ఉండేది. రోజంతా పాడవడానికి ఒక్క ఫొటో చాలు, బస్సులో ఎవరైనా అటు చూసిన చూపు చాలు. బీటెక్‌లో ఉండగా బెణుకులకు కట్టే సాగే పట్టీ మెడికల్ షాపులో కొని, ఛాతీ చుట్టూ చుట్టుకునేవాణ్ణి. కదిలేకొద్దీ అది బిగుసుకుని పక్కటెముకలు నొక్కేసేది. అలా కట్టుకోవడం ప్రమాదమని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. చున్నీ సరిగ్గా వేసుకోమని చెప్పడానికి మాత్రం వాచ్‌మన్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ ఉన్నారు.

జర్మనీ వచ్చాకే బైండర్ అనేది ఒకటుందని తెలిసింది. ఛాతీ చదునుగా కనపడేలా కుట్టిన బిగుతు బనియను. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టబోతే కొలతలడిగారు. అక్కడ మా ఊరి మనిషి చేసే తప్పే చేశాను. మా దగ్గర ఒంటిని ఎవరు కొలుచుకుంటారు? బాగా కుదిరిన జాకెట్టు ఒకటి దర్జీ చేతిలో పెడితే, ఆ ఆది చూసి కొత్తది కుట్టేస్తాడు. ఇంటర్లో కుట్టించిన ఆది జాకెట్టు ఒకటి అమ్మ నా పెట్టెలో పెట్టి పంపింది. దాన్నే మంచం మీద పరిచి స్కేలుతో కొలిచాను. పైగా, ఎంత బిగుతైతే అంత చదును అనుకుని ఇంకో సైజు తగ్గించాను.

పార్సెల్ వచ్చింది. తల దూర్చడమే యుద్ధమైంది. కానీ అద్దంలో షర్టు గుండీలు తిన్నగా కిందికి దిగాయి. సంతోషంతో ఏడ్చేశాను. దాంతోనే యూబాన్ మెట్రో ఎక్కాను. ఫ్రోట్మానింగ్ స్టేషన్ వచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. దిగి బెంచీ మీద కూలబడ్డాను.

మా ఫ్లాట్‌లో పక్క గది అమ్మాయి నా వెనకే దిగింది. కాకినాడ పిల్ల, నా కోర్సే.

"ఏమైందే? టిఫిన్ తినలేదా?" అంటూ వీపు మీద చెయ్యేసి ఆగిపోయింది. "ఏంటే ఇది? లోపల చెక్క గానీ పెట్టుకున్నావా?"

చెప్పాను. ఆ ప్లాట్‌ఫారం మీద, రొప్పుతూ, నేనెవరో మొదటిసారి ఒక తెలుగు మనిషికి చెప్పాను.

ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుంది. "సర్లే. నువ్వెవరన్నది నీకు తెలుస్తుంది, నాకేం తెలుస్తుంది? ముందు ఆ దిక్కుమాలిన దాన్ని ఇప్పు."

"ఇప్పను."

"మరి డిఫెన్స్‌లో ఏం చేస్తావ్? స్లైడుకో ముక్క చెప్పి పడిపోతావా? ఈ దేశంలో అన్నిటికీ అపాయింట్‌మెంటేగా, అంబులెన్స్‌కి కూడా ఇప్పుడే టెర్మిన్ తీసుకోమంటావా?"

ఆమె అన్నది నిజమైనందుకు ఒళ్లు మండింది. మిగతావాళ్లందరూ ఊపిరీ తీసుకుంటారు, తమలాగా కనపడతారు కూడా. నేను మాత్రం రెండిట్లో ఒకటి ఎంచుకోవాలా? స్టేషన్ టాయిలెట్లో దాన్ని ఇప్పి సంచిలో కుక్కాను. ఆమె కోటు తొడుక్కుని క్లాసుకి వెళ్లాను.

ఆ వారాంతంలో ఆమె ఎవరి దగ్గరో టేపు అడిగి తెచ్చింది. నన్ను ముట్టుకోనివ్వలేదు నేను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంటే నేనే కొలుచుకుని చెప్పాను, ఆమె ఫోన్లో కొట్టుకుంది.

"ఒరేయ్, తగ్గించి చెప్పకు."

ఒరేయ్ అంది. టేపు మళ్లీ చుట్టుకుని అసలు కొలత చెప్పాను.

నడుం దాకా వచ్చేవి, ఛాతీ వరకే ఉండేవి, పక్కన జిప్పున్నవి, అన్నీ చూశాం. పొడవుది కూర్చుంటే మడతపడి పైకి లేస్తుంది. జిప్పుది షర్టు కింద ఉబ్బుగా కనిపిస్తుంది. చివరికి ఛాతీ వరకే ఉన్నది, నా అసలు సైజులో తెప్పించాను. వేసుకోగానే ఆమె పరీక్ష పెట్టింది. "దగ్గు. చేతులెత్తు. ఇప్పుడు థీసిస్ టైటిల్ ఒక్క ఊపిరిలో చెప్పు." చెప్పాను. పూర్తి చదును రాలేదు. మిగిలిన ఆ కాస్తంత మీద ఇప్పటికీ కోపమే. కానీ వదులు షర్టు కింద అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అంతా కుదిరింది అనుకునేలోపు, హైదరాబాద్ నుంచి వస్తున్న ఎవరో అబ్బాయి సూట్‌కేసులో అమ్మ పట్టుచీర పంపింది. జాకెట్టు కుట్టించి మరీ. అది అందగానే ఫోన్ చేసింది.

"పరీక్షనాడు గదే కట్టుకో బిడ్డా. వాడకట్టోళ్లంత వీడియోల జూస్తరట."

"కట్టుకోనమ్మా."

"అదేంది? ఒక్కపూటే గదనే."

ఒక్కపూట! ఇన్నేళ్లూ ఒక్కోపూట చొప్పున అడిగి నా బతుకంతా తీసుకున్నారు. పెళ్లికి ఒక్కపూట, పండక్కి ఒక్కపూట, ఫొటోకి ఒక్కపూట. ఈ పూట ఇయ్యనని చెప్పి ఫోను పెట్టేశాను.

డిఫెన్స్ అయ్యాక, దానికి వేసుకున్న తెల్ల షర్టులోనే వీడియో కాల్ చేశాను. అమ్మ చుట్టూ బీడీ చాటలు పక్కకి నెట్టి ఆడవాళ్లు కూర్చున్నారు.

"పాసైన అమ్మా!"

బాపు ఫోను లాక్కుని, "మా బిడ్డ జర్మనీల పాసైంది!" అని గల్లీకంతా వినపడేలా అరిచాడు. అమ్మ మళ్లీ ఫోను తీసుకుని మొహం దగ్గర పెట్టుకుని చూసింది.

"చీరేది? గట్ల సన్నగైనవేందే? తింటలేవా?"

"తింటున్న. సన్నగ గాలే. ఛాతీ అణిచే బనియనేసుకున్న. నాకు గిట్లుంటేనే మంచిగుంటది. గిట్లనే ఉంట."

అమ్మ ఫోనుతో లోపలి గదిలోకి నడిచి తలుపేసింది. "మెల్లగ మాట్లాడు. అందరున్నరు."

"ఉండనీ! పాసైనట్టు అందరికి చెప్తున్నవ్ గద. పాసైంది గీ ఛాతీతోనే అమ్మా. ఈడ ఇంకో మనిషి లేడు."

అమ్మ తలుపుకి గడియ పెట్టింది.

"ఊపిరాడుతదా దాంట్ల?"

"ఆడుతది."

"పండేటప్పుడు ఇప్పుతవా?"

"ఇప్పుత."

"నీ బాపుకు నేను జెప్ప. నువ్వే చెప్పుకో."

"చెప్త. ఇయ్యి ఫోను."

అమ్మ గడియ తీసిన చప్పుడు, ఆ వెంటనే గల్లీలోని గోల, అందులో బాపు గొంతు వినిపించాయి.