ముఖాలు పోయిన వారం

తెనాలి కూడళ్ళలో ఫ్లెక్సీల మీద నిలబడ్డ నాయకుల్లో ఒక్కరి ముఖానికీ ముడత లేదు. ఆ సంగతి సుజనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ముడతలన్నీ తీసేసింది ఆమే.

శ్రీనివాసరావు గారి ఫ్లెక్సీల షాపులో డిజైనింగ్ పనంతా ఆమెదే. కాపురం రేపల్లెలో. పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వచ్చేది, పొద్దువాలాక మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయేది. చిన్నప్పుడు బళ్ళో ఆమె వేసిన బొమ్మలు చూసి పౌలు మాస్టారు, "నీ చేతిలో దేవుడేదో పెట్టాడమ్మాయ్" అనేవారు. డ్రాయింగ్ పరీక్షలు పాసైంది. టీచరు పోస్టులు పడతాయేమోనని చూసి చూసి, అవి పడక, ఆ చేతిని తెచ్చి మౌసు మీద పెట్టింది. దేవుడు పెట్టినదానితో ఇప్పుడామె చేస్తున్నది గడ్డాల కింద వేలాడే గడ్డాలను కోసెయ్యడం, బట్టతలల మీద జుట్టు నాటడం.

గుమ్మంలోకి వచ్చే ప్రతివాడినీ ఒక్క చూపుతో తూచేసేది. ముందు పెద్ద పెద్ద మాటలు, తర్వాత సెల్‌ఫోన్లోంచి ఎవరి పెళ్ళిలోనో దిగిన మసక ఫొటో, చివర్న "కాస్త గ్లామర్‌గా చెయ్యమ్మా". ఆ 'కాస్త' దగ్గర ఆమె పెదవి ఓ పక్కకు పోయేది. బిరుదులు కూడా వాళ్ళే చెప్పేవారు, ఏమాత్రం గొంతు తగ్గించకుండా. సొంత వీధిలోనే నలుగురు గుర్తుపట్టని మనిషికి 'ప్రజల గుండెచప్పుడు' అని టైపు చేసేటప్పుడు ఆమె వేళ్ళు మొదట్లో ఓ క్షణం ఆగేవి. తర్వాత తర్వాత ఆగడం మానేశాయి.

దండం పెట్టే చేతులు మాత్రం అందరివీ ఒకటే. తెచ్చే ఫొటోల్లో ఎవరూ దండం పెడుతూ ఉండరు. అందుకని ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మొగుణ్ణి తెల్ల తువ్వాలు ముందు నిలబెట్టి, దండం పెట్టించి ఫొటో తీసింది. మనోహర్ రేపల్లె, భట్టిప్రోలు మధ్య ఆటో తోలతాడు. హ్యాండిలు పట్టి కాయలు కాచిన ఆ చేతులకు బంగారు కడియం తొడిగి, మెరిసే గడియారం పెట్టి, ఊళ్ళో ఉన్న నాయకులందరికీ అతికించేసింది. మనోహర్‌కి అదంటే మహా గర్వం. దారిలో కనపడ్డ ప్రతి ఫ్లెక్సీనీ చదివే మనిషి అతను.

"మరీ అంత తీసిపారెయ్యకే వాళ్ళని" అనేవాడు. "నలుగురి ముందూ కళగా కనపడాలని ఎవరికుండదు?"

"కళగా కనపడితే ఫర్లేదయ్యా. వాళ్ళు నిజంగా అలాగే ఉంటామనుకుంటున్నారు. అదీ నాకు ఒళ్ళు మండేది."

అలా అనుకునేవాళ్ళందరిలోకీ పెద్దవాడు కిరీటి. యాభై దాటి చాలా కాలమైనా ఇంకా యువజన నాయకుడే. ఏ యువజనులకు, ఎప్పుడు ఎన్నికయ్యాడు అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఏటా తన పుట్టినరోజుకు నందివెలుగు రోడ్డు మొదట్లో తాటిచెట్టంత ఫ్లెక్సీ కట్టించుకునేవాడు. ఆ ముఖం సుజన చాలా ఏళ్ళ కిందట, పని మీద ఇంకా సరదా ఉన్న రోజుల్లో, కూర్చుని ఓపిగ్గా తయారుచేసింది. ఏటా ముఖం అదే. కింద సంవత్సరం ఒక్కటే మారేది.

ఇలా ఆమె తయారుచేసిన ముఖాలన్నీ షాపు కంప్యూటర్లో, డెస్క్‌టాప్ మీద, ఒకే ఫోల్డర్లో ఉండేవి. ఇంకో చోట కాపీ పెట్టాలని ఆమెకెప్పుడూ అనిపించలేదు. చెత్తబుట్టకు ఎవరన్నా తాళం వేస్తారా అన్నట్టు ఉండేది.

ఈసారి కిరీటి పుట్టినరోజు ఇంకో మూడు రోజులుందనగా, సుజన షాపుకొచ్చేసరికి శ్రీనివాసరావు గారు ఆమె కుర్చీలో కూర్చుని సంబరంగా ఉన్నారు.

"చూడమ్మాయ్, మన కంప్యూటర్ ఎంత స్పీడుగా ఉందో! నిన్న నువ్వెళ్ళాక అదేదో అప్‌డేటు అవుతుంటే కరెంటు పోయింది. మళ్ళీ ఆన్ చేస్తే నీలం తెర, ఏవో ఇంగ్లీషు అక్షరాలు, అంతే. మా బావమరిదిని పిలిపించా. చిటికెలో బాగుచేసి పెట్టాడు."

యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఏడాది అవుతోందని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ఇప్పుడా మాట ఎత్తలేదు. తెర వైపు చూసింది. నున్నగా, నీలంగా, ఖాళీగా ఉంది.

"ముఖాల ఫోల్డరేదండీ?"

"ఫార్మాట్ కొట్టాడు కదమ్మా. పాతదంతా ఊడ్చేసి కొత్త విండోస్ వేశాడు. వైరస్‌లన్నీ పోయాయంట."

"వైరస్‌లే కాదు సార్, తెనాలి మొత్తం పోయింది."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయారు. తెర మూలన ఏదో కాపీ అవుతున్నట్టు ఆకుపచ్చ గీత పాకుతోంది. పక్కన పెన్‌డ్రైవు వెలుగుతూ ఉంది. సుజన వంగి ప్లగ్గు ఒక్క లాగు లాగింది.

"అదేంటమ్మాయ్!"

"ఏం ఎక్కిస్తున్నారండీ అందులోకి?"

"పాత పాటలు. ఓ రెండు సినిమాలు. డిస్కంతా ఖాళీగానే ఉంది కదా అనీ..."

"ఖాళీగా లేదండి. అలా కనపడుద్ది అంతే. పాత ఫైళ్ళు లోపల అలాగే ఉంటాయి, కంప్యూటర్ వాటి అడ్రసు మర్చిపోద్ది. మీరు పైనుంచి ఏది ఎక్కిస్తే అది వాటిమీద కూర్చుని చెరిపేస్తది. ఇప్పుడు ఏ నాయకుడి మీద ఏ పాట కూర్చుందో ఆ దేవుడికే తెలియాలి."

ఆ బావమరిది ఏం చదివాడని ఆమె అడగలేదు. అడిగితే ఆయన ఎక్కడ చెబుతారోనని భయం.

పోయిన ఫైళ్ళు తీసే మనిషి బాపట్లలో ఉన్నాడని ఎవరో చెబితే, డిస్కు ఊడదీసి తువ్వాల్లో చుట్టుకుని ఆ పూటే రైలెక్కింది. జిరాక్సు షాపు మేడ మీద గది అతనిది. పేరు సీమోను. చెప్పులు బయట విడవమన్నాడు. చేతులు తుడుచుకోమన్నాడు. ఆమె చెప్పింది విన్నాక, రోగం ముదిరాక తీసుకొచ్చారన్న డాక్టరులా తలాడించాడు.

"అన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టారా? బ్యాకప్ లేకుండా? ఏం పని మేడమ్ మీది?"

"ఫ్లెక్సీలండి."

"ఓ... ఫ్లెక్సీలా" అన్నాడు సీమోను, అయితే ఇంతే అన్నట్టు.

తన పనిని రోజూ తనే అంతకన్నా హీనంగా తిట్టుకునే సుజనకు ఆ సాగదీత వినగానే చెవులు వేడెక్కాయి.

"అవునండి, ఫ్లెక్సీలే. కింద మీ షాపు పేరున్నదీ ఫ్లెక్సీయే. అందులో రికవరీకి స్పెల్లింగు తప్పుంది, చూసుకున్నారో లేదో."

సీమోను కిటికీలోంచి కిందికి ఓసారి తొంగిచూశాడు. డిస్కుని తన కంప్యూటర్‌కి తగిలించి, దానిమీద ఏదీ రాయకుండా ఉన్నది ఉన్నట్టు చదివి ఇంకో డిస్కులోకి దింపుతానని కాస్త మర్యాదగానే వివరించాడు.

"ఏవి ముఖ్యం మేడమ్? మీ సొంతవి ఏవన్నా ఉంటే చెప్పండి, ముందు వాటిని వెతుకుదాం."

సుజన నోరు తెరిచింది. ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఆమె చేసినవాటిలో, పోతే నా ప్రాణం పోయినట్టే అని చెప్పుకోదగ్గ బొమ్మ ఒక్కటి గుర్తుకు రాలేదు. ఒక్కటి. ఊరందరినీ వేళాకోళం చేసుకుంటూ గడిపేసిన రోజులన్నీ ఆ ఏసీ గదిలో ఒక్కసారిగా ఎదురొచ్చి నిలబడ్డట్టయింది. "సొంతవేం లేవండి. అన్నీ షాపువే" అంది.

సాయంత్రానికి తేలింది. ఫైళ్ళకు పేర్లు పోయి నంబర్లు మిగిలాయి. ఫొటోషాపులో పొరలు పొరలుగా చేసిన పెద్ద ఫైళ్ళన్నీ ముక్కలయ్యాయి. తెరిస్తే సగం ముఖం, కింద బూడిదరంగు చారలు. నాయకులు ఇచ్చిన అసలు ఫొటోలు మాత్రం చెక్కుచెదరకుండా దొరికాయి. సీమోను ఒకటొకటే తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఇదేంటి మేడమ్, ఒట్టి చేతులు? మనిషేడి?"

"తెనాలి నాయకుల చేతులండి అవి. జాగ్రత్తగా తియ్యండి."

ఆమె రేపల్లె చేరేలోపే కబురు తెనాలంతా పాకిపోయింది. మర్నాడు షాపు ముందు బళ్ళు ఆగడం మొదలైంది. ఒక్కడైనా ఏం జరిగిందని అడగలేదు. నా ఫొటో ఉందా, నా ఫొటో ఉందా, అదే గోల. బ్రహ్మానందం గారని, తండ్రి వర్ధంతికి ఏటా ఫ్లెక్సీ కట్టించే పెద్దమనిషి ఉన్నాడు. ఆ ఫ్లెక్సీలో తండ్రి రూపాయి బిళ్ళంత, కొడుకు బండిచక్రమంత ఉంటారు.

"మీ నాన్నగారి ఫొటో దొరికిందండి, ఏం చెడలేదు" అంది సుజన.

"ఆయన సంగతి ఇంట్లో పటం ఉందిలే అమ్మా. నాది? కళ్ళజోడు పెట్టుకున్నది?"

ఆమె తలుపు వైపు చూసింది. అప్పుడే కిరీటి లోపలికొస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఎల్లుండి పుట్టినరోజు పెట్టుకుని! దొరికిందా లేదా?"

"మీరిచ్చిన ఫొటో దొరికిందండి" అని తెర మీద పెట్టింది.

ఎవరిదో గృహప్రవేశంలో, ఆకు ముందు కూర్చుని తీయించుకున్న ఫొటో. ముందు జుట్టు ఊడి, బుగ్గలు జారి, కళ్ళ కింద సంచులు దిగిన మనిషి కెమెరా వైపు ఓపిగ్గా చూస్తున్నాడు. కిరీటి కళ్ళు చిన్నవి చేసి వంగి చూశాడు.

"ఎవరీయన?"

"మీరేనండి."

కిరీటి ఆ ఫొటో వైపు, సుజన వైపు, మళ్ళీ ఫొటో వైపు చూశాడు.

"పొరపాటు పడ్డావమ్మా. నేనిలా ఎప్పుడున్నాను?"

"ఇది పాతదండి. అప్పుడలా ఉన్నారు."

ఇప్పుడెలా ఉన్నాడో ఆమె చెప్పలేదు. అతను ముఖం కందగడ్డ చేసుకుని, "నాకవన్నీ తెలీదు, రేపు సాయంత్రానికి నందివెలుగు రోడ్డు మీద నా ఫ్లెక్సీ ఉండాల" అనేసి వెళ్ళిపోయాడు.

"పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?" అని శ్రీనివాసరావు గారు గొణిగారు. "ఆ ఫొటోకే కాస్త రంగేసి కొట్టెయ్."

కూర్చుంటే ఒక పూటలో పాత ముఖాన్ని మళ్ళీ నిలబెట్టగలదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నిలబెట్టలేదు. చెప్పినట్టే కాస్త, సరిగ్గా కాస్తంటే కాస్త రంగువేసి, మిషన్ మీదికి పంపేసి ఇంటికి పోయింది.

పుట్టినరోజు నాడు పొద్దున్నే నందివెలుగు రోడ్డున పోయే జనం ఆ ఫ్లెక్సీ దగ్గర బళ్ళు స్లో చేశారు. ఆ ఊళ్ళో నిజం ముఖంతో ఫ్లెక్సీ మీదికెక్కేది చనిపోయినవాళ్ళే. ఏడుస్తున్న ఇంటివాళ్ళు చేతికందిన ఫొటో ఇచ్చి పంపుతారు. అందం గురించి ఎవరూ అడగరు. కింద 'జన్మదిన శుభాకాంక్షలు' అని చదివే ఓపిక ఎవరికుంటుంది? మధ్యాహ్నం కాకుండానే ఫ్లెక్సీకి ఎవరో పూలదండ వేశారు. కబురు విని కారంచేడు నుంచి చుట్టమొకాయన ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేసి, "ఎప్పుడు జరిగిందమ్మా?" అంటే, కిరీటి భార్య మాణిక్యాంబ, "ఏం జరిగిందండి? లోపల టిఫిన్ తింటున్నారు, పిలవమంటారా?" అందట.

కిరీటి షాపులోకి అడుగుపెట్టగానే శ్రీనివాసరావు గారు ప్రింటింగ్ మిషన్ వెనక్కి వెళ్ళి, "అంతా ఆ అమ్మాయే చేసిందండి" అని అక్కణ్ణుంచే కేకేశారు. కిరీటి అరుస్తాడనుకుంది సుజన. అతను అరవలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంట్లో కూడా అదే అంటోందమ్మా, మాణిక్యాంబ. 'ఫొటోలో ఉంది మీరే కదండీ, రోజూ నేను చూసే ముఖమే' అంటోంది." కుర్చీ కాస్త ముందుకు జరిపాడు. "నిజం చెప్పు చెల్లెమ్మా. నేనలా ఉంటానా?"

అంతకాలంలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఆమెను అలాంటి మాట అడగలేదు. సుజన చేతులు కీబోర్డు మీంచి తీసింది. ఎలా చెప్పాలా అని వెతుక్కుంది. తిట్టినట్టు కాకుండా, ఓదార్చినట్టూ కాకుండా చెప్పాలనుకుంది. ఇన్నాళ్ళలో మొదటిసారి అతని ముఖాన్ని ఏం తీసెయ్యాలా అని కాక, ఊరికే చూసింది.

ఆమె మాట పెదవి దాటకముందే కిరీటి జేబులోంచి ఫోన్ తీశాడు. అందులో ఎవరో సినిమా కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"సరే, పోయింది పోయింది. కొత్తది చేసెయ్. జుట్టు మాత్రం ఇదిగో, ఇలా పైకి దువ్వినట్టు పెట్టు. గడ్డం కూడా ఈ టైపే. ఈసారి కాస్త గ్లామర్‌గా ఉండాల."

సుజన పళ్ళ మధ్య ఓ నవ్వు నలిగింది. చేతులు మళ్ళీ కీబోర్డు మీదికి వెళ్ళాయి. ఆ పూటంతా ఆమె లేవలేదు. కళ్ళ కింద సంచులు తీసింది. బుగ్గలు పైకి లాగింది. మెడ సన్నం చేసింది. ముక్కు చెక్కింది. ఎక్కడైనా అతని ఆనవాలు మిగిలిందేమోనని పెద్దది చేసి చూసి, మిగిలినచోటల్లా తుడిచింది. అంత శ్రద్ధగా ఆమె ఏ బొమ్మా వేసి ఉండదు. అయ్యేసరికి తెర మీద ఉన్న పాతికేళ్ళ కుర్రాడికీ ఎదురుగా కూర్చున్న మనిషికీ ఏ చుట్టరికమూ లేదు.

తెర అతని వైపు తిప్పింది. ఇది తనతో వేళాకోళమని ఇప్పుడైనా తెలుసుకుంటాడేమోనని చూసింది.

కిరీటి చాలాసేపు కళ్ళార్పకుండా చూశాడు. ముఖం విప్పారింది. తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇదిగో," అన్నాడు, "ఇప్పుడొచ్చాన్నేను."

సాయంత్రానికి దండ వేసిన ఫ్లెక్సీ దిగింది, కొత్తది ఎక్కింది. ఆ నెల తిరక్కముందే, అదే జుట్టు కావాలని మరో అరడజను మంది పెద్దమనుషులు షాపు గుమ్మం తొక్కారు. సుజన అందరికీ పెట్టింది.