మాస్టారు సాగదీసిన సున్నా

ఏలూరు హైస్కూల్లో మా సైన్సు మాస్టారు బోర్డు మీద ఒక్క విసురులో సున్నా చుట్టేవారు. పరమాణువు నడిమి గింజ, న్యూక్లియస్, అదేనట. ఓ రోజు మద్రాసు నుంచి వచ్చిన పత్రికేదో చదివి, ఆ సున్నా చెరిపేసి బాతుగుడ్డులా గీశారు.

“కొన్ని గింజలు గుండ్రంగా ఉండవటర్రా. ఇన్నాళ్లూ మీకు తప్పు చెప్పాను.”

“ఎవరు చూశారండీ?” అన్నాను.

“ఎవరూ చూళ్లేదు. మీ కొల్లేటి బురదలో చెయ్యి పెట్టి, తగిలింది కొరమీనో జెల్లచేపో చూడకుండా చెప్పవూ? అలాగే.”

“మరి పరీక్షలో ఏం గియ్యమంటారండీ?”

“పుస్తకంలో ఇంకా గుండ్రంగానే ఉంది. అదే గియ్యండి.”

గీశాను. నా సున్నాని ఎర్రసిరాతో కాస్త సాగదీసి, పక్కన పూర్తి మార్కులు వేశారు. అవి ఏ బొమ్మకి వేశారో నాకిప్పటికీ అర్థం కాదు.